చెవితో నేర్చి నోటితో నేర్పిన పంతులుగారు
గిడుగు వేంకట రామమూర్తి (1863–1940)

ఉద్యోగ విరమణ చేసినవారు చదువుకొనే ప్రత్యేక సంచికలో ఎవరి జీవితం రాస్తే బాగుంటుంది అని ఆలోచిస్తే మొదట గుర్తుకు వచ్చే పేరు గిడుగు రామమూర్తి పంతులుగారిది. ఆయన 1911లో, 48వ ఏట రిటైరయ్యారు. తెలుగువారు ఈనాడు ఆయనను తలచుకొనే పనుల్లో ఎక్కువ భాగం ఆ తరువాతి 29 ఏళ్లలో చేసినవే. జీతం ఆగిపోయిన రోజునే ఆయనకు అసలు కొలువు మొదలైందనాలి.

వాడుక భాష కోసం పోరాడిన యోధుడుగా ఆయన మనకందరికీ తెలుసు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. సభల్లో దండలు వేస్తాము, ఉపన్యాసాలు వింటాము. అయితే ఆ పోరాటానికి వేరు ఎక్కడుందో చాలామంది గమనించరు. పంతులుగారు మొదటినుంచి చివరిదాకా బడిపంతులు. పిల్లవాడికి తెలియని భాషను ఎట్లా నేర్పాలి, తెలిసిన భాషలో చదువు ఎట్లా చెప్పాలి అన్నదే ఆయన జీవితమంతా వెంటాడిన ప్రశ్న. ఆయన కనుక్కొన్న జవాబు గల్ఫుకు పోయి అరబ్బీ మాట్లాడవలసిన మన కుర్రవాళ్లకూ పనికివస్తుంది, అమెరికాలో ఉన్న మనుమలకు తెలుగు నేర్పాలని ఆరాటపడే తాతలకూ పనికివస్తుంది. అందుచేత ఈ వ్యాసంలో ఆయన జీవితాన్ని ఆ వైపునుంచి చెప్పుకొందాము.

బాల్యం, చదువు

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి దగ్గరలోని పర్వతాలపేటలో జన్మించారు. ఆ ఊరు ఈనాడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. తండ్రిగారికి చోడవరం బదిలీ అయింది. అక్కడే ఆయన 1875లో కాలం చేశారు. అప్పటికి మన కథానాయకునికి పన్నెండేళ్లు. బంధువుల అండతో విజయనగరం చేరి, మహారాజావారి ఇంగ్లీషు స్కూలులో మెట్రిక్యులేషను వరకు చదివారు. అక్కడ సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. తరువాతి రోజుల్లో తెలుగు భాష నడకనే మార్చిన ఇద్దరు ఒకే బడిలో, ఒకే కాలంలో చదువుకొన్నారన్నమాట.

ఇల్లు గడవాలి గనుక పై చదువుకు తీరిక లేదు. 1880లో, పదిహేడేళ్ల వయసులో, పర్లాకిమిడి రాజావారి స్కూలులో చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడుగా చేరారు. జీతం నెలకు ముప్పై రూపాయలు. పగలు పాఠాలు చెప్పుకొంటూ, రాత్రులు తానే చదువుకొంటూ ప్రైవేటుగా ఎఫ్.ఏ., ఆ తరువాత బి.ఏ. పరీక్షలకు కట్టారు. 1896 నాటికి పట్టభద్రులయ్యారు. మనలోనూ ఉద్యోగం చేస్తూ పరీక్షలకు కూర్చొన్నవారు ఎందరో ఉన్నారు. ఆ కష్టం ఏమిటో వారికి వేరే చెప్పనక్కరలేదు. రాజావారి స్కూలు కాలేజీ అయ్యాక పై తరగతులకు కూడా ఆయన పాఠం చెప్పారు. తరువాత ప్రసిద్ధ రచయిత, పత్రికా సంపాదకుడు అయిన తాపీ ధర్మారావుగారు పర్లాకిమిడిలో ఆయన శిష్యులే.

ముఖలింగం గుడి గోడలమీద, స్తంభాలమీద ఉన్న శాసనాలు ఆయన ఆసక్తిని లాగాయి. వాటిని చదవడం నేర్పే గురువు దగ్గరలో లేడు. పుస్తకాలు తెప్పించుకొని, పాత లిపిని తానే కూడబలుక్కొని నేర్చుకొన్నారు. తెలియని అక్షరాన్ని ఓపికతో విడదీసి చూసే అలవాటు ఆయనకు అక్కడ పట్టుబడింది. ఆ అలవాటే తరువాత తెలియని శబ్దాన్ని విడదీసి వినడానికి ఉపయోగపడింది.

సవరల మాట

పర్లాకిమిడి చుట్టూ కొండలు, అడవులు. ఆ కొండలమీద సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకుగాని ఒడియాకుగాని చుట్టం కాదు. ముండా కుటుంబానికి చెందినది. ఆ రోజుల్లో సవర పిల్లవాడు బడికి వస్తే అక్కడ వినిపించేది తెలుగో, ఒడియానో. గురువు చెప్పేది పిల్లవాడికి తెలియదు, పిల్లవాడు గొణిగేది గురువుకు తెలియదు. కొన్నాళ్లకు పిల్లవాడు కొండెక్కి వెళ్లిపోయేవాడు. వాళ్లకు చదువు అంటదు అని పల్లంలోనివారు తేల్చేసేవారు.

పంతులుగారు ఆ తీర్పును ఒప్పుకోలేదు. చదువు అంటకపోవడానికి కారణం పిల్లవాడి బుర్ర అయి ఉండదని, మధ్యలో అడ్డంగా నిలిచిన భాషేనని ఆయనకు తోచింది. అయితే సవర భాషకు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, వాచకం లేదు. సంస్కృతం నేర్చుకొన్నట్టు సూత్రాలు వల్లెవేసి నేర్చుకొనే దారి లేదు. అప్పుడాయన చేసిన పని భాషలు నేర్చేవారందరూ తెలుసుకోదగినది. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక వ్యక్తిని తన ఇంట్లోనే ఉంచుకొని, రోజూ అతని మాట వింటూ, అతనితో మాట్లాడుతూ నేర్చుకొన్నారు. కులభేదాలు గట్టిగా పాటించే ఆ కాలంలో, ఒక బ్రాహ్మణ ఉపాధ్యాయుడు కొండభాష చెప్పే మనిషిని ఇంట ఉంచుకొని అతని ముందు విద్యార్థిగా కూర్చోవడం చిన్న విషయం కాదు.

సవర పలుకుబడిలో తెలుగువాడి చెవికి చిక్కని శబ్దాలు ఉన్నాయి. మాట మధ్యలో గొంతు చటుక్కున బిగిసి విడిపోయే ధ్వని వాటిలో ఒకటి. మన వర్ణమాలలో దానికి అక్షరం లేదు గనుక మనవాడు దానిని వినీ విననట్టు వదిలేస్తాడు. అంకెలు మరీ వింత. మనం పదిలో లెక్కపెడతాము. సవరలు పన్నెండు, ఇరవై కలిపి లెక్కపెడతారు. పదమూడు అనాలంటే పన్నెండు ఒకటి అంటారు. ముప్పైమూడు అనాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి అంటారు. అట్లా లెక్కించే ఇంట పెరిగిన పిల్లవాడికి మన ఎక్కాల పుస్తకం ముందు పెట్టి, లెక్క రాదని వీపుమీద వేస్తే ఆ తప్పు ఎవరిది?

భాష కొంత పట్టుబడగానే పంతులుగారు దానిని తన పాండిత్యం కోసం దాచుకోలేదు. పిల్లలకు సవర భాషలోనే పుస్తకాలు రాశారు. వాటికి తెలుగు లిపినే వాడుకొన్నారు. తన సొంత డబ్బుతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతాలు చెల్లించి, సవర పిల్లలకు సవర మాటలతోనే చదువు చెప్పించే ఏర్పాటు చేశారు. సంసారం ఉన్న బడిపంతులు చేతి డబ్బు పెట్టి ఇంకొక బడి నడపడం ఎట్లా ఉంటుందో నెల జీతంతో బతికిన మనకు బాగా తెలుసు. ఆయన సవర పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వంవారు పారితోషికం ఇవ్వబోగా, ఆ డబ్బు తనకు వద్దని, దానితో సవరలకు బడి పెట్టవలసిందని కోరారని చెబుతారు. 1913లో ప్రభుత్వం ఆయనకు రావు సాహెబ్ బిరుదు ఇచ్చింది.

ఈ సేవకు ఆయన చెల్లించిన మూల్యం వేరే ఉంది. కొండల్లో తిరుగుతూ ఉండగా మలేరియా జ్వరం పట్టుకొంది. దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిన్నది. చెవినే నమ్ముకొని భాషలు పట్టిన మనిషికి ఆ చెవే మందగించింది. ఆయన మాత్రం పని ఆపలేదు. ఒక శబ్దం ఎక్కడ పుడుతుంది, నాలుక ఎక్కడ తగులుతుంది, పెదవులు ఎట్లా కదులుతాయి అని ధ్వనిశాస్త్రం పరిశీలిస్తూ సవర పనిని చివరిదాకా సాగించారు.

యేట్స్ దొరగారి సందేహం

ఇంతలో బడుల్లో ఇంకొక కథ మొదలైంది. విశాఖపట్నం ప్రాంతపు పాఠశాలల తనిఖీ అధికారిగా జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర వచ్చారు. తెలుగు నేర్చుకోవాలని ఆయనకు కోరిక. పుస్తకంలో నేర్చిన తెలుగు బజారులో వినిపించదు, బజారులో విన్న తెలుగు పుస్తకంలో కనిపించదు. పంతుళ్లు చిన్న తరగతుల పిల్లలకు కూడా పద్యానికి అర్థం చెబుతున్నామంటూ ఒక పాత మాటకు ఇంకొక పాత మాట చెబుతున్నారు. ఈ దేశంలో మాట్లాడే భాషను బడిలో ఎందుకు నేర్పరు అని ఆయనకు సందేహం కలిగింది. విశాఖలో మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. గురజాడ, గిడుగు మాత్రమే దీనికి సమాధానం చెప్పగలరని అయ్యంగారు చెప్పారు. అట్లా ఆ నలుగురూ ఒకచోట చేరిన తరువాత వ్యావహారిక భాషోద్యమం రూపుదిద్దుకొంది.

ఆ రోజుల్లో యూరపులో కూడా భాషలు నేర్పే పద్ధతిమీద పెద్ద చర్చ జరుగుతూ ఉండేది. అక్కడ వందల ఏళ్లుగా లాటిన్, గ్రీకు నేర్పిన తీరులోనే ఫ్రెంచి, జర్మన్ కూడా నేర్పేవారు. రూపాలు వల్లెవేయడం, విడి వాక్యాలు అనువదించడం, ఇంతే. ఎనిమిదేళ్లు చదివినవాడు కూడా ఆ దేశం వెళ్లి రొట్టె అడగలేకపోయేవాడు. 1882లో విల్‌హెల్మ్ ఫియెటర్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు ఈ పద్ధతిని తలకిందులు చేయాలని చిన్న పుస్తకం రాసి అలజడి రేపారు. 1886లో పారిస్‌లో కొందరు ఉపాధ్యాయులు చేరి ధ్వనిశాస్త్ర సంఘం పెట్టారు. ఇంగ్లండులో హెన్రీ స్వీట్ 1899లోను, డెన్మార్కువాడైన ఆటో యెస్పర్సన్ 1904లోను ఈ విషయంమీద మంచి పుస్తకాలు వెలువరించారు. వారందరి మాటల సారం ఒకటే. భాష ముందు చెవికి, తరువాత నోటికి, ఆ తరువాతే కంటికి, చేతికి అందాలి. విడి మాటలకన్న వాక్యాలు నేర్పాలి. వ్యాకరణం పాఠానికి ముందు నిలిచే కావలివాడు కాకూడదు, వెనక వచ్చే సాయం కావాలి.

పర్లాకిమిడిలో కూర్చొని పంతులుగారు స్వీట్, యెస్పర్సన్‌ల గ్రంథాలు తెప్పించుకొని చదివారు. వారు చెప్పినది ఆయనకు కొత్తగా తోచి ఉండదు. సవరలనుంచి భాష నేర్చుకొన్నప్పుడు తాను నడిచిన దారి అదే. అనుభవం ముందు వచ్చింది, శాస్త్రం తరువాత తోడైంది.

వాడుకా, గ్రంథమా?

1912–13లో స్కూలు ఫైనలు పరీక్షలో విద్యార్థులు తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలోగాని, ఆధునిక భాషలోగాని రాయవచ్చునని ఉత్తర్వులు వచ్చాయి. పండితలోకం భగ్గుమంది. వాడుక మాటలు బడిలోకి వస్తే భాష చెడిపోతుందని, ఏ జిల్లావాడు ఆ జిల్లా మాట రాస్తే ఒకరిది ఒకరికి అర్థం కాదని వారి భయం. ఆ భయంలో నిజాయితీ లేకపోలేదు. జయంతి రామయ్య పంతులుగారు మహా పండితులు. శాసనాలమీద, నిఘంటువుమీద వారి కృషి గొప్పది. వారి నాయకత్వంలో 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నిలిచింది. సభలు, కరపత్రాలు, మహజర్లు సాగాయి. చివరికి ప్రభుత్వం వెనక్కు తగ్గి పాఠ్యపుస్తకాల్లో గ్రాంథికమే ఉండాలన్నది. 1915 నవంబరులో గురజాడవారు కన్నుమూశారు. చిన్ననాటి స్నేహితుడు పోయాడు, ఉత్తర్వులు పోయాయి. ఉద్యోగమూ అప్పటికే లేదు. ఇంకొకరైతే ఇక చాలులే అని ఇంట కూర్చొనేవారు.

పంతులుగారు ఊరూరా తిరిగారు. వినికిడి సరిగా లేకపోయినా సభల్లో గంటల తరబడి మాట్లాడారు. ఆయన వాదించే తీరు బడిపంతులు తీరే. ఆవేశంగా తిట్టడం కన్న ఆధారాలు చూపించడం ఆయనకు ఇష్టం. ప్రాచీన కవుల గ్రంథాలు, వచన రచనలు, శాసనాలు వెదికి, తప్పులని పండితులు కొట్టివేసే రూపాలను పెద్ద పెద్ద కవులే వాడారని వందలాది ఉదాహరణలు పోగుచేశారు. గ్రాంథికమే రాయాలనేవారి రచనలు తీసుకొని, వారు పెట్టుకొన్న నియమాలను వారే పాటించలేకపోయారని చూపించారు. బాలకవి శరణ్యము, ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము, గద్య చింతామణి ఆ కృషిలోనివి. పండితులకే పట్టుబడని భాషను పదేళ్ల పిల్లవాడి నెత్తిన రుద్దడం న్యాయమా అన్నది ఆయన అడిగిన ప్రశ్న. దీనికి సమాధానం చెప్పడం ఎదుటివారికి కష్టమైంది. ఆయనను గిడుగు పిడుగు అన్నది ఊరికే కాదు.

1919లో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులు, గిడుగువారు కార్యదర్శి. జీవితమంతా ఎక్కువగా గ్రాంథికంలో రాసిన వీరేశలింగంగారు అవసానదశలో ఇటు రావడం పెద్ద బలం. కొద్ది నెలలకే, ఆ ఏడు మే నెలలో, వారూ పోయారు. అదే సంవత్సరం గిడుగువారు తెలుగు అనే పేరుతో మాసపత్రిక పెట్టి ఒక ఏడాది నడిపారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తే వ్యావహారికంమీద నిషేధాన్ని తొలగించింది. రిటైరై పదమూడేళ్లు అయిన తరువాత వచ్చిన గెలుపు ఇది. బడులు, కాలేజీలు, పత్రికలు పూర్తిగా మారడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

అరబ్బీకి ఇదే చిక్కు

ఈ చిక్కు తెలుగు ఒక్కదానికే వచ్చినది కాదు. 1959లో చార్లెస్ ఫెర్గూసన్ అనే అమెరికన్ భాషావేత్త, ఒకే జాతి రెండు రకాల భాషను రెండు పనులకు వాడే పరిస్థితిని గురించి వ్యాసం రాశారు. దానికి ఆయన ఎత్తి చూపిన ఉదాహరణలలో అరబ్బీ ముఖ్యమైనది. గ్రంథాలలో, పత్రికలలో, రేడియో వార్తలలో, ఉపన్యాసాలలో వినిపించే అరబ్బీ ఒకటి. దానిని ఫుస్‌హా అంటారు. ఇంట్లో, బజారులో మాట్లాడేది ఇంకొకటి. దానిని ఆమ్మియ్యా అంటారు. అది కైరోలో ఒక రకం, బాగ్దాదులో ఒక రకం, మొరాకోలో మరీ వేరు. ఫుస్‌హా ఎవరికీ తల్లి ఒడిలో వచ్చే భాష కాదు. అరబ్బు పిల్లవాడు కూడా దానిని బడిలోనే నేర్చుకోవాలి.

మన కడప, కోనసీమ, కరీంనగర్, నిజామాబాదు కుటుంబాలలో ఎందరో గల్ఫు దేశాలలో పనిచేసి వచ్చారు. వారిలో చాలామంది అలీఫ్ బే రాకుండానే, విని విని, రెండేళ్లలో అక్కడి మాట ధారాళంగా మాట్లాడారు. వారికి పత్రిక చదవడం రాదు. మరోవైపు ఏళ్ల తరబడి పుస్తకాలతోనే అరబ్బీ చదివినవారు కఠిన గ్రంథాలకు అర్థం చెప్పగలరు గాని, కైరో బజారులో కూరగాయలు బేరం చేయబోతే తడబడతారు. ఎవరి చదువు సగం? ఆలోచిస్తే రెండూ సగమే. అందుకే కొందరు ఉపాధ్యాయులు రెంటినీ జోడించి నేర్పడం మొదలుపెట్టారు. సంభాషణకు వాడుక అరబ్బీ, చదవడానికి రాయడానికి గ్రంథ అరబ్బీ, రెండూ ఒకే తరగతిలో సాగుతాయి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం 1990లలో ఈ దారి పట్టినవాటిలో ఒకటి.

శబ్దం విషయమూ అంతే. అరబ్బీలో గుండెను తెలిపే మాటకు, కుక్కను తెలిపే మాటకు తేడా మొదటి హల్లులోనే ఉంది. గుండెకు వాడే ధ్వని గొంతు లోపలినుంచి వస్తుంది, కుక్కకు వాడేది మన కకారం. తెలుగు లిపిలో రాస్తే రెండూ కల్బ్ అనే కనిపిస్తాయి. కంటితో నేర్చినవాడు ప్రేమగా నా గుండె అనబోయి నా కుక్క అంటాడు. సవరలో ఉన్న గొంతు బిగింపు ధ్వని అరబ్బీలోనూ ఉంది, అక్కడ దానికి హంజా అని పేరు. ముందు చెవిని సిద్ధం చేయాలని పంతులుగారు పట్టుబట్టింది ఇందుకే.

గిడుగువారు గ్రంథభాషను చదవవద్దనలేదు. ఆయనే స్వయంగా ప్రాచీన సాహిత్యం, శాసనాలు తరచిన మనిషి. పాత పుస్తకాలు చదివి ఆనందించాలి, రాతకు మాత్రం నేటి శిష్టుల వాడుక కావాలి అన్నది ఆయన పక్షం. తెలిసినదానినుంచి తెలియనిదానికి తీసుకువెళ్లడం ఉపాధ్యాయుని ధర్మమని ఆయన నమ్మకం.

చివరి రోజులు

1933లో ఆయన సప్తతి మహోత్సవం రాజమండ్రిలో ఘనంగా జరిగింది. ఆయన చేతిలో అప్పటికీ పని ఉంది. సవర భాషా వ్యాకరణాన్ని ఆంగ్లంలో రాయగా 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువు వచ్చింది. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం లభించింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. ఆ ఏడే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. కుమారుడు సీతాపతిగారు కూడా తండ్రి బాటలోనే సవర పాటలు, కథలు సేకరించి భాషా సేవ చేశారు.

ఈ మధ్యలోనే ఒక గాయం తగిలింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతాన్ని అటు చేర్చవద్దని ఆయన వాదించారు. వాదన నెగ్గలేదు. యాభై ఆరేళ్లు బతికిన ఊరు వదలి, డెబ్బై దాటిన వయసులో రాజమండ్రికి తరలివచ్చారు. ఉద్యోగరీత్యా ఊళ్లు మారడం మనకు అలవాటే. ముసలితనంలో ఇల్లు ఎత్తి వెళ్లడం ఎంత బరువో ఆ పని చేసినవారికే తెలుస్తుంది.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికలవారితో చివరిసారి మాట్లాడారు. అప్పుడు కూడా మాట వాడుక భాష గురించే. వారం తిరిగేసరికి, జనవరి 22న, పరమపదించారు.

మనకు మిగిలినది

ఈనాడు తెలుగు పత్రికలు, పాఠ్యపుస్తకాలు, ప్రభుత్వ కాగితాలు మనం మాట్లాడే భాషకు దగ్గరగా ఉన్నాయంటే దాని వెనుక ఆయన శ్రమ ఉంది. సవర మాట్లాడేవారు 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షలకు పైగా తేలారు. 1936లో మంగై గొమాంగో సవర భాషకు ప్రత్యేకంగా ఒక లిపిని కూడా రూపొందించారు. గిరిజన పిల్లల చదువు వారి భాషలోనే మొదలుకావాలని ఈనాటి విద్యావేత్తలు అంటున్నారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనంతవరకు చిన్న తరగతుల చదువు ఇంటి భాషలో సాగాలన్నది. నూరేళ్లకు పూర్వమే ఒక బడిపంతులు తన జీతం డబ్బుతో ఆ పని చేసి చూపించాడు.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాము. సెలవులకు వచ్చిన మనుమరాలికి తెలుగు రాదని మనలో చాలామంది బాధపడతాము. వచ్చిన మర్నాడే పలకా బలపమో, పెద్దబాలశిక్షో ఎదురుగా పెట్టి అఆలు దిద్దిస్తాము. నాలుగు రోజులు దిద్ది ఆ పిల్ల విసుగుపడుతుంది, మనమూ విసుగుపడతాము. పంతులుగారి దారి వేరు. ముందు మాట, తరువాత అక్షరం. వంటింట్లో గిన్నె, గరిటె, కూర చూపించి పూర్తి వాక్యాలు మాట్లాడాలి. చిన్న చిన్న పనులు తెలుగులోనే చెప్పాలి. కథ చెప్పి మళ్లీ ఆ కథనే చెప్పించుకోవాలి. తప్పు పలికితే నలుగురిలో నవ్వకుండా, సరి అయిన మాటను మన నోట మళ్లీ వినిపించాలి. ఒకసారి నవ్వితే ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. మాట కుదిరాక అక్షరం దానంతట అది తేలిక అవుతుంది. ఇంకొకటి కూడా ఉంది. సవరలకు నేర్పబోయే ముందు పంతులుగారు సవర మాట నేర్చుకొన్నారు. మనుమల ఆటలు, వారి మాటలు మనమూ కొంత నేర్చుకొంటే వారూ మన మాటకు చెవి ఒగ్గుతారు.

దీనికి డబ్బు అక్కరలేదు, కావలసినది తీరిక, ఓపిక. తీరిక మనకు ప్రభుత్వంవారే ఇచ్చారు. ఓపిక ఎంతకాలం నిలుపుకోవచ్చునో గిడుగువారి 1938 నాటి నిఘంటువు చెబుతుంది.